‘ఏం కూర?’ అని పలకరించే గల్లీలో ఒక పూట

భర్తకు గోదావరిఖనిలో పని దొరికిందని, అక్కడ రోజూ వినిపించే పలకరింపులకు హిందీలో అర్థాలు రాసి పంపమని ఈమధ్య ఒక పాఠకురాలు అడిగారు. ఇంట్లో కూర్చుని రాసే పని కాదనిపించి, ఒక ఆదివారం పొద్దున్నే సికింద్రాబాద్‌లో రైలెక్కాను.

నాలుగు గంటల్లోపే రామగుండంలో దిగాను. స్టేషన్ బయట గోదావరిఖనికి షేర్ ఆటోలు దొరుకుతాయి, మనిషికి నలభై రూపాయల దాకా తీసుకుంటారు. నేను ఊరంతా తిరగాలి కాబట్టి జహంగీర్ అనే డ్రైవర్‌తో పూటకు ఆరు వందలకు మాట్లాడుకున్నాను. ఆయన ఇంట్లో దక్కనీ ఉర్దూ, బండిలో తెలుగు మాట్లాడతాడు. దారిలో తెలిసినవాళ్లు ఎవరు కనిపించినా ఒకటే ప్రశ్న: "అన్నా, ఏ షిఫ్టు?" బాగున్నారా అని ఎవరినీ అడగలేదు. ఎందుకని నేనడిగితే, "షిఫ్టు చెప్తే అంతా చెప్పినట్టే సార్. ఎప్పుడు తింటడు, ఎప్పుడు పంటడు, ఎప్పుడు పోయి తలుపు కొట్టొద్దు, అన్ని తెలుస్తయి" అన్నాడు.

చౌరస్తాలో చాయ్ తాగుతుంటే, నాలుగింటికి తనకు మరో కిరాయి ఉందని చెప్పాడు. పక్కింటి సునీతను స్టేషన్‌లో దింపాలి. జార్ఖండ్ అమ్మాయి. భర్త ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. "ఈడ ఉండనని పుట్టింటికి పోతాంది. ఏమైందంటే చెప్పది."

మధ్యాహ్నం భోజనానికి జహంగీర్ తన ఇంటికే తీసుకెళ్లాడు. మేం చేతులు కడుక్కుంటుండగా ఎదురింటి రాజవ్వ స్టీలు గిన్నెల దొంతరతో వచ్చింది. ఆమె భర్త బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు.

"జహంగీరూ, గీ గిన్నెలు ఆ పిల్లకియ్యి బిడ్డా. పోతాందట గదా."

"గిన్ని గిన్నెలు నీ దగ్గరికెట్ల వచ్చినయవ్వా?"

"పొద్దుగాల ‘ఏం కూర బిడ్డా’ అంటే సాలు, లోపలికురికి గిన్నెల పోసుకొస్తది. వద్దంటే మొఖం సిన్నగ చేసుకుంటది. ఖాళీ గిన్నె ఎట్లియ్యాలె? సర్వపిండి చేసి ఇద్దామనుకున్న, మోకాళ్ల నొప్పులతోని కాలేదు."

జహంగీర్ నెత్తి పట్టుకున్నాడు. ఆ మాటకు అర్థమేమిటని సునీత వచ్చిన కొత్తలో అడిగితే, ఏం కూర వండావని అడుగుతున్నారని హిందీలో చెప్పింది ఆయనే. "మాటకు మాట సరిగ్గనే చెప్పిన సార్. అది పలకరింపని చెప్పలే."

వెంటనే రాజవ్వతో కలిసి పక్కింటికి వెళ్లి, సునీత తలుపు కొట్టి అడిగాడు. ఆమె చాలాసేపు హిందీలో మాట్లాడింది. ఈ గల్లీలో పెద్దవాళ్లకు కూర పెట్టడం ఆచారం అనుకుందట. పెట్టిన గిన్నె ఒక్కటీ తిరిగి రాలేదు. అడగాలంటే మొహమాటం. ఇక పెట్టడానికి గిన్నెల్లేక, రాజవ్వ వాకిట్లో ఉంటే బయటికి రావడమే మానేసింది, చివరికి పుట్టింటికే వెళ్లిపోదామనుకుంది.

ఇదంతా జహంగీర్ తెలుగులో చెబుతుంటే రాజవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేను కూరడుక్కునేదాన్ననుకున్నవానె పిల్లా? మాట కలుపుదామని అడిగిన!"

జహంగీర్ అది హిందీలో చెప్పగానే సునీత ఒక్కో అక్షరం పలుకుతూ అడిగింది: "ఏం కూర, అవ్వా?"

"పుంటికూర పప్పు" అంటూనే రాజవ్వ తన ఇంట్లోకి వెళ్లి, సునీత గిన్నెలోనే నిండా తెచ్చింది. సునీత దాన్ని రెండు చేతులతో అందుకుని, గుమ్మంలో సర్దిపెట్టిన బ్యాగును కాలితో లోపలికి నెట్టింది.

"నా కిరాయి పాయె" అన్నాడు జహంగీర్.

మాటకు మాట పెట్టడం తేలిక. ఆ మాట ఎందుకు అంటున్నారో తెలియాలంటే ఆ వాకిట్లో కాసేపు నిలబడాలి. పాఠకురాలికి రాసి పంపిన దాంట్లో ‘ఏ షిఫ్టు?’, ‘ఏం కూర?’ రెండింటికీ ఒకే అర్థం ఇచ్చాను: ‘కైసే హో’. మీరూ ఆ వైపు వెళితే, ‘ఏం కూర?’ అన్నవాళ్లకు కూర పేరు చెప్పి, తిరిగి అదే అడగండి. రాజవ్వను మాత్రం కడుపు ఖాళీగా ఉన్నప్పుడే అడగండి.