సిరొంచకు కోత మిషన్ వచ్చిన ఏడాది

మూడు రోజులుగా మబ్బు పట్టి ఉంది. కోతకొచ్చిన వరి మీద వాన పడితే గింజ చేలోనే మొలకెత్తుతుంది. మంథనిలో మా పంట అప్పటికే కల్లం చేరింది. గోదావరి అవతల, మహారాష్ట్రలోని సిరొంచ దగ్గర సేద్యం చేసే మా అక్క భర్త రాజయ్య బావ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, కోతకు మనిషి సాయం కావాలి రమ్మన్నాడు.

ఆరింటి బస్సెక్కితే ఎనిమిదిన్నరకు కాళేశ్వరంలో దిగాను. గోదావరి దాటడానికి పడవే దిక్కు. మనిషికి పది రూపాయలు. ఒకప్పుడు తెడ్లతో అరగంటకు పైగా పట్టేది, ఇప్పుడు ఇంజను బిగించారు, పది నిమిషాల్లో అవతల ఉన్నాం. "తెడ్లేసేటప్పుడు నలుగురం ఉంటిమి. ఇప్పుడు నేనొక్కణ్నే" అన్నాడు పడవతను. మిగిలిన ముగ్గురేమయ్యారని అడిగితే ఇంజను వేగం ఇంకాస్త పెంచాడు. ఒడ్డు నుంచి జీపులో బావ ఊరికి ఇరవై నిమిషాలు.

పొలం దగ్గర పదకొండు మంది ఆడవాళ్లు కొడవళ్లతో గట్టు మీద కూర్చుని ఉన్నారు. వాళ్ల పెద్ద లస్మక్క. ఇరవై ఏళ్లుగా బావ వరి కోసేది ఈ ముఠాయే. కూలి వడ్లలోనే. ఆ వడ్లే వాళ్లకు వానాకాలం దాకా తిండి. ఇక్కడొక కట్టడి ఉంది. ముఠా పెద్ద మొదటి పిడికెడు కోసి గట్టు మీద పెడితే ఆ మడిలోకి ఇంకో ముఠా దిగదు. మిషన్ వస్తోందని తెలిసి లస్మక్క ముందురోజు సాయంత్రమే వచ్చి, బావ మడులన్నిట్లో పిడికెడేసి కోసి పెట్టి వెళ్లింది. ఇక తమ పనికి ఢోకా లేదనుకుంది.

మిషన్ అహేరి మీదుగా లారీ మీద వచ్చిందట. దానికి తెలిసింది డీజిలు ఒక్కటే. పక్క పొలాలు ముగించుకుని పదింటికి మా గట్టు ఎక్కింది. లస్మక్క దాని ముందు నిలబడింది.

"పిడికెడు పెట్టిన మడిల ఇంకొకలు దిగుతరా పటేలా? మీ నాయిన ఉన్నప్పుడు దిగిండ్రా?"

"మబ్బు చూస్తున్నవ్ గదక్కా" అన్నాడు బావ, ఆమె మొహం చూడకుండా. "మీరు నాలుగు రోజులు కోస్తరు. గది రెండు గంటల్ల కోస్తది. మాపటికి ఊరు దాటిపోతే నా వరి ఎవలు కొయ్యాలె?"

"రెండు గంటల్ల కోసి అది పోతది. మేము ఏడాది ఏం తినాలె?"

"దానికింత కల్లు పొయ్యిండ్రే, రేపటిదాక పండుకుంటది!" అంది వెనక నుంచి లస్మక్క కోడలు. అందరూ నవ్వారు. డ్రైవరు ఉత్తరాది మనిషి. ఎందుకు నవ్వుతున్నారో తెలియక తనూ నవ్వాడు. "హటో మాజీ, దేర్ హో రహీ హై" అని, ఆలస్యమవుతోంది తప్పుకోమన్నట్టు హారన్ కొట్టాడు. బావ వద్దనలేదు. లస్మక్క పక్కకు జరిగింది. చక్రం పిడికెడు మీదుగానే మడిలోకి దిగింది.

పన్నెండున్నరకల్లా అయిపోయింది. మిషన్ తిరగలేని మూలలు మిగిలాయి. బావ వాటిని ముఠాకు చూపించాడు. పదకొండు మంది కలిసి కోస్తే అరగంట పట్టలేదు. వాళ్లకు దక్కిన వడ్లు ఒక చాటలో పట్టాయి. గడ్డి పీచుపీచయింది, మా అక్క గేదె ముందు వేస్తే అది వాసన చూసి వదిలేసింది. రెండింటికి మబ్బు విడిపోయి ఎండ కాసింది. నేను టార్పాలిన్ మీద వడ్లు ఆరబోస్తూ ఉన్నాను.

ఇంజను పడవను మెచ్చుకుంటూ వచ్చినవాణ్ని, మిషన్‌ను తిట్టే హక్కు నాకుందనుకోను. బావదీ తప్పనలేను. వాన పడి ఉంటే ఆయన ఏడాదీ పోయేది. కానీ ఆ పదకొండు మందికి ఆ ఊళ్లో ఇంకో పని చూపమంటే నాకు ఒక్కటీ తోచలేదు. ఇటు రావాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: చివరి పడవ సాయంత్రం ఐదింటికి, అది తప్పితే తెల్లారేదాకా సిరొంచలో ఆగాల్సిందే.

లస్మక్క, ఆమె కోడలు, ఇంకో తొమ్మిది మంది మర్నాడు పొద్దున ఏడింటి పడవలో పత్తి ఏరడానికి పరకాల వైపు వెళ్లిపోయారు.