ఇసుకలో నేర్చుకున్న మంచు

మొన్న సెలవు రోజు మధ్యాహ్నం భోజనాల ముందు ఫ్రిజ్ పై అర తలుపు సరిగ్గా పడటం లేదని చూస్తే, లోపల మంచు వేలెడు మందాన పేరుకుని ఉంది. దుబాయ్‌లో అల్ కుసైస్‌లోని ఈ గదిలో నాతో పాటు ఉండే కుర్రాళ్లిద్దరూ మంచు గీకడం పెద్దాయన పనేనని ఎప్పుడో తీర్మానించేశారు. జెబెల్ అలీలో కోల్డ్ స్టోర్ ఉద్యోగం చేసేవాడికి చలి ఒక లెక్కా అని వాళ్ల ధీమా. సరే కదా అని అట్లకాడ తీసుకుని గీకడం మొదలుపెడితే, ఆ పొడి ముంజేతి మీద రాలి, కరిగేలోపల ఒక వాసన తగిలింది. మంచుకు వాసనేమిటని నవ్వకండి. స్టీలు గ్లాసులో చల్లటి నీళ్లు ముక్కుదాకా తెచ్చుకున్నప్పుడు తగులుతుంది చూడండి, అలాంటిది. ఆ వాసన వెంటే మా ఆవిడ స్నోబోర్డ్ నేర్చుకున్న రోజులన్నీ వచ్చి నిలబడ్డాయి. అట్లకాడ పక్కన పెట్టి, ఫ్రిజ్ తలుపు తీసే ఉంచి, అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుండిపోయాను.

నా యీడు వాళ్లకు ఇది చెబితే ఒక పట్టాన నమ్మరు. స్నోబోర్డంటే రెండు కాళ్లూ ఒకే పలకకు బిగించుకుని, మంచు వాలు మీద పక్కవాటుగా నిలబడి జారడం. యాభైకి దగ్గరపడ్డ మనిషి, అందులోనూ పాలకొల్లు దగ్గర పుట్టి సోడాబండి మీద తప్ప ఐసు చూడని మనిషి, దుబాయ్‌లో కూర్చుని దాన్ని నేర్చుకుందంటే ఎవరికైనా తమాషాగానే ఉంటుంది. కానీ అది సరదా కోసం మొదలైంది కాదు.

మా ఆవిడ నర్సు. కరోనా మొదటి యేడంతా ఐసీయూలోనే డ్యూటీ చేసింది. అక్కడ ఏం చూసిందో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఇంటికొచ్చాక మాత్రం మైక్రోవేవ్ కూత పెడితే ఉలిక్కిపడేది. ఫ్రిజ్ తలుపు కాసేపు తెరిచి ఉంటే మోగే ఆ చిన్న మోతకు వంటింట్లోంచి లేచి వెళ్లిపోయేది. నేను మైక్రోవేవ్ ప్లగ్గు పీకేశాను, అలారం గడియారం అటక మీద పెట్టేశాను. అయినా చర్చిలో అందరికన్నా పైకి వినిపించే ఆవిడ గొంతు, మళ్లీ ఆరాధనలు మొదలయ్యాక కూడా లేవలేదు. పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, పెదవులు కదపకుండా నిలబడేది. పక్కన నిలబడి పాడలేక, మానలేక నేను పడ్డ అవస్థ ఆ దేవుడికే తెలియాలి. ఒకరోజు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "ఏవండీ, ఏ మోతా లేని చోటుకి ఎక్కడికైనా తీసుకెళ్లండి. ఖలాస్, ఇంక నా వల్ల కాట్లేదు," అంది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ నోరు తెరిచి నన్నడిగింది ఆ ఒక్కటే.

ఎక్కడికని తీసుకెళ్లేది? ఈ ఊళ్లో ఎడారిలో కూడా ఏదో ఒక బండి మోత వినిపిస్తూనే ఉంటుంది. మా అమ్మాయి, అప్పుడప్పుడే చదువు ముగించి ఆఫీసులో చేరింది, తన ఫోనులో ఒక వీడియో చూపించింది. జార్జియా దేశంలో మంచు కొండలు. యంత్రాలతో చదును చేసిన బాటలు వదిలేసి, ఎవరూ తొక్కని మంచులోకి ఒక గైడు నలుగుర్ని తీసుకెళుతున్నాడు. దాన్ని ఆఫ్‌పిస్ట్ అంటారట. అందులో మాటల్లేవు, పాటల్లేవు, పలక మంచును కోసే సవ్వడి తప్ప మరేమీ లేదు. మా ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ వింది. అక్కడికి వెళ్దామంది. వెళ్లాలంటే ముందు మాల్‌లోని మంచు హాలులో పాఠాలు నేర్చుకోవాలి, రానివాళ్లను గైడు కొండ ఎక్కించడు అని అమ్మాయి చెప్పింది. నేర్చుకుంటానంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ కళ్లలో కనబడ్డ వెలుగు చూసి, నేను సరేనన్నాను.

ఇక్కడ నా పెద్దరికం గురించి కాస్త చెప్పాలి. చలి సంగతి నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసునని నా గట్టి నమ్మకం. ఫ్రీజర్ గదుల్లో చేపల పెట్టెల మధ్య జీవితం సగం గడిపినవాణ్ణి కదా. డబ్బులిచ్చి నేర్చుకోబోయే ముందు నేనే ఓనమాలు దిద్దిస్తానని, కల్బా వెళ్లే దారిలో ఉన్న ఇసుక దిబ్బల దగ్గరికి ఇద్దర్నీ బండిలో తీసుకెళ్లాను. ఇసుక మీద జారే పలక ఒకటి సంపాదించి, చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు అడుగున రుద్ది, దిబ్బ మీద నిలబెట్టి నేర్పించాను. ఇసుకలో ముందు కాలు మీద బరువేస్తే పలక ముక్కు దిగబడి మనిషి బోర్లా పడతాడు. అందుకని బరువంతా వెనక కాలు మీదే ఉండాలి. దాన్నే ఇద్దరి చేతా వల్లె వేయించాను. నాలుగు శుక్రవారాలు తిరిగేసరికి మా ఆవిడ దిబ్బ పైనుంచి కింది దాకా పడకుండా వచ్చేది. గురువుగారు పొంగిపోయాడు.

తీరా మంచు హాలుకు వెళితే నా విద్యంతా తలకిందులైంది. అక్కడ నేర్పే ఫిలిప్పినో పిల్ల మొదటి రోజే తల పట్టుకుంది. చదునైన గట్టి మంచు మీద వెనక్కి వాలితే పలక మన మాట వినదట, బరువు ముందు కాలు మీదే వేయాలట. "ముందు కాలు మేడం, ముందు కాలు!" అని ఆ పిల్ల వచ్చీరాని హిందీలో అరవడం, మా ఆవిడ ఇసుక అలవాటుకొద్దీ వెనక్కి వాలి దబ్బున కూలబడటం, లేచి నా వంక చూడటం. ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేను. నా సంగతి అంతకన్నా ఘోరం. కోల్డ్ స్టోర్లో నిలబడి పని చేసేటప్పుడు వేసుకునే బరువైన సూటు తొడుక్కుని వెళ్లానేమో, పడుతూ లేస్తూ ఒళ్లంతా చెమటలు పట్టి, ఆ తడి చల్లారి, గజగజ వణికిపోయాను. మైనస్ డిగ్రీల్లో జీతం తీసుకునేవాడు మాల్‌లో చలికి వణుకుతున్నాడని అమ్మాయి ఫోటో తీసి బంధువులందరికీ పంపించింది. మా బావమరిది అయితే ఇప్పటికీ ఫోను చేసినప్పుడల్లా, "బావా, సూటు వేసుకున్నావా?" అనే మొదలుపెడతాడు.

అలవాటు పోవడానికి నెలలు పట్టింది. ఉల్లిపాయలు తరుగుతూ మోకాళ్లు వంచి నిలబడేది, బస్సు కోసం నిలబడ్డప్పుడు ముందు కాలు మీదికి ఒరిగి చూసుకునేది. బయట ఎండ మండిపోతుంటే మేం మెట్రోలో చేతి తొడుగులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఎదుటి సీట్లోవాళ్లు వింతగా చూసేవాళ్లు. మేం మొదలుపెట్టినప్పుడు శుక్రవారం సెలవు, మధ్యలో దేశం మొత్తానికీ సెలవు ఆదివారానికి మారింది, మా చర్చి వేళలూ మారాయి, పాఠం మాత్రం ఆగలేదు. రెండో చలికాలం వచ్చేసరికి మా ఆవిడా అమ్మాయీ వాలు పైనుంచి మలుపులు తిరుగుతూ దిగుతుంటే, నేను కింద కాఫీ పట్టుకుని నిలబడేవాణ్ణి. ఆవిడ ఇంట్లో నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడుతోంది. పాట మాత్రం ఇంకా రాలేదు.

టిక్కెట్లు తీసుకున్నాక అసలు చిక్కు వచ్చిపడింది. తొక్కని మంచులో ఒక్కోసారి చరియ విరిగి మనిషి దాని కింద పూడిపోతాడు. అలాంటివాణ్ణి వెతకడానికి గైడుతో వెళ్లే ప్రతి ఒక్కరూ ఛాతీకి ఒక చిన్న పరికరం కట్టుకుంటారు. మేం దాన్ని బీపర్ అనేవాళ్లం. మామూలుగా అందరివీ చప్పుడు లేకుండా సంకేతం పంపుతూ ఉంటాయి. ఎవరైనా కనబడకపోతే మిగతావాళ్లు తమ వాటిని వెతికే వైపుకు తిప్పుతారు. అప్పుడది బీప్ బీప్ మంటుంది, మనిషికి దగ్గరయ్యేకొద్దీ త్వరత్వరగా కూస్తుంది. దాన్ని వాడటం రానివాళ్లను గైడు రానివ్వడు. మా అమ్మాయి ఆఫీసులో లెబనాన్ అతనొకడు, అక్కడి కొండల్లో పెరిగినవాడు, తనవి రెండు అరువిచ్చి, ముందే బాగా సాధన చేసుకు వెళ్లమని మరీ మరీ చెప్పాడట.

మాకు సాధనకు ఇసుక కాక ఇంకేముంది? మళ్లీ ఆ దిబ్బలకే వెళ్లాం. అమ్మాయి ఒక బీపర్‌ను టిఫిను డబ్బాలో పెట్టి ఇసుకలో పాతిపెట్టి, రెండోది వాళ్లమ్మ చేతికిచ్చింది. అది మొదటిసారి బీప్‌మనగానే మా ఆవిడ నిలబడిపోయింది. నాలుగడుగులు వేసింది. అది జోరందుకుంది. దాన్ని మెల్లగా ఇసుక మీద పెట్టి, వెళ్లి బండిలో కూర్చుంది. "ఈ మోత వదిలించుకుందావనే కదా నేనెళ్లేది. ఇదే మెళ్లో కట్టుకుని ఎలా ఎళ్తాను?" అంది. పాతిన డబ్బా తవ్వి తీసుకుని ఇంటిదారి పట్టాం. నాకు మాత్రం ప్రయాణం పోతే పోయింది గానీ, ఆ యేడాదిన్నర శ్రమా పోయి ఆవిడ మళ్లీ ఆ పెదవులు కదపని మనిషైపోతుందేమోనని దిగులు పట్టుకుంది.

ఆ వారమంతా అదే ఆలోచన. ఆ యేడు అన్ని శవపెట్టెలు మట్టిలోకి వెళ్లడం చూసిన మనిషిని, డబ్బా ఒకటి పాతిపెట్టి వెతకమనడం మాదే తెలివితక్కువతనమని చివరికి తట్టింది. మళ్లీ సెలవుకి బతిమాలి తీసుకెళ్లాను. ఈసారి బీపర్ నా చొక్కా జేబులో వేసుకుని, టీ ఫ్లాస్కు పట్టుకుని, దూరంగా ఒక దిబ్బ వెనక్కి పోయి కూర్చున్నాను. చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత దిబ్బ అవతల సన్నగా ఒక బీప్. ఆగి ఇంకొకటి. మధ్యలో ఒకసారి పూర్తిగా ఆగిపోయింది. లేచి చూద్దామనిపించింది గానీ, అలాగే ఫ్లాస్కు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. మళ్లీ మొదలైంది, దగ్గరైంది, జోరైంది. దిబ్బ మీద మా ఆవిడ తల కనిపించింది. నన్ను చూసి, మూతలో టీ పోసుకుని రెడీగా ఉన్న నా వాలకం చూసి, నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కూలబడి ఏడ్చింది. "వార్డులో ఇది మోగిందంటే మనిషి ఎళ్లిపోతున్నట్టండీ. ఇక్కడ మోగితే మీరు దొరికారు," అంది. మూతలోని టీ ఆవిడ చేతికిచ్చాను. ఆ రోజు చీకటిపడే దాకా నన్నే దాక్కోమని, తను వెతికింది.

జార్జియాలో గైడు ముందు మా ముగ్గుర్నీ మామూలు బాట మీద దింపి చూశాడు. నన్ను చూసి మర్యాదగా భుజం తట్టి, మీరు కిందే ఉండండి అన్నాడు. నిజం చెప్పాలంటే బతుకు జీవుడా అనుకున్నాను. కానీ వాళ్లిద్దరూ అతని వెనకే శిఖరం దాటి కనుమరుగయ్యాక, ఆ తెల్లటి వాలు కింద ఒంటరిగా నిలబడ్డ ఆ కాసేపూ నాకు యుగంలా గడిచింది. నా దగ్గర బీపర్ కూడా లేదు. ఆ తర్వాత పైన ఎక్కడో మూడు చుక్కలు కనిపించాయి. అందులో మధ్య చుక్క ఎవరిదో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆ వంపు నాకు తెలుసు. వెనక కాలు మీద ఒరిగి, చేతులు చాచి, హాయిగా వస్తోంది.

అమ్మాయి తర్వాత చెప్పింది. లోతైన మెత్తటి మంచులో గట్టి మంచు లెక్క పనికిరాదట. పలక ముక్కు దిగబడకుండా కాస్త వెనక్కే వాలాలట. మాల్‌లో నేర్చుకుని వచ్చేవాళ్లకు అదే పట్టుబడదట. మా ఆవిడ తొలి వాలులోనే తేలిపోతుంటే గైడు ఆశ్చర్యపోయి ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడట. ఎడారిలో, మా ఆయన నేర్పాడు అందట. ఆ మాట విన్నప్పుడు నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను; తప్పుడు పాఠం చెప్పిన గురువుకు ఇంతకన్నా గురుదక్షిణ ఏముంటుంది? పైన ఏముందని ఆవిడనడిగాను. ఏం లేదండీ, అదే బాగుంది అంది. ఆ సాయంత్రం హోటల్లో తడి తొడుగులు హీటరు మీద ఆరేస్తూ, తనకు తెలియకుండానే పాత కీర్తన ఒకటి కూనిరాగం తీసింది. నేనూ అమ్మాయీ ఒకరి ముఖం ఒకరం చూసుకుని, ఆవిడ గమనించకుండా ఊరుకున్నాం.

ఇప్పుడు ఆవిడ ఐర్లాండులో ఉంది. అక్కడి ఆసుపత్రికి నర్సులు కావాలంటే, కొత్త వార్డు, కొత్త ఊరు అని భయపడకుండా వెళ్లింది. వెనకే అమ్మాయీ వెళ్లింది. ఆ రోజు శిఖరం దాటి వెళ్లకపోయి ఉంటే ఈ ప్రయాణానికి ధైర్యం చేసేది కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఫ్లాటు ఖాళీ చేసి నేనీ గదిలోకి మారాను, సర్వీసు పూర్తయ్యేదాకా. కల్బా దారిలో ఆ దిబ్బల దగ్గర ఇప్పుడు కంచె వేశారు. ఆవిడ ఊళ్లో వానే తప్ప మంచు పెద్దగా పడదట.

మనం కొత్తగా దుబాయ్ వచ్చినప్పుడు, ఫోను మాట్లాడటం భారమైన రోజుల్లో, క్షేమమేనని చెప్పడానికి ఒక్క రింగు ఇచ్చి పెట్టేసేవాళ్లం, మీకు గుర్తుండే ఉంటుంది. ఇవాళ ముఖాలు చూసుకుంటూ గంటలు మాట్లాడుకోవచ్చు, మేమూ మాట్లాడుకుంటాం. కానీ ఆవిడ అక్కడ డ్యూటీకి ఎక్కేముందు, ఇక్కడ నా భోజనాల వేళకు, రోజూ ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తుంది. ఎత్తకూడదన్నది ఒప్పందం. ఒకప్పుడు మోత అంటే పారిపోయిన మనిషి ఇప్పుడు తనే మోగించి చెబుతోంది, ఉన్నానని.

మొన్న ఫ్రిజ్ ముందు అలా కూర్చుని ఉండగానే ఆవిడ రింగు మోగింది. తలుపు అంతసేపు తెరిచి ఉంచినందుకు ఫ్రిజ్ కూడా కూత మొదలుపెట్టింది. కుర్రాళ్లు లోపల్నుంచి అరిచారు గానీ, తలుపు వెంటనే మూయాలనిపించలేదు. తడి చేత్తోనే ఆవిడకు ఒక్క రింగు తిరిగి ఇచ్చి, అప్పుడు మూశాను.