గుర్రపుబండి చెరిగిపోయిన రివాల్వర్

హిందూపురంలో ఇంటి ముందరి గదిలో నాది గడియారాల రిపేరు షాపు. సెల్‌ఫోన్లు వచ్చాక చేతికి గడియారం కట్టేవాళ్లు తగ్గారు, అయినా షాపు మూయలేదు. మూస్తే ఇంట్లో కూర్చోవాలి, ఇంట్లో ఇప్పుడు నా భార్య లేదు.

నాకొక పిచ్చి ఉండేది. అమెరికాలో నూటయాభై ఏళ్ల కిందట, పడమటి బీళ్లకు వలసపోయినవాళ్లు కోటు జేబులో పెట్టుకు తిరిగిన చిన్న రివాల్వర్లు పోగేసేవాణ్ని. రైలు పట్టాలు వేయించిన దొరల వెంటో, రామగిరి బంగారు గనుల దొరల వెంటో అవి మా సీమకు వచ్చాయని నా లెక్క. దొరలు వెళ్లిపోయారు, ఇవి పాత పెట్టెల అడుగున ఉండిపోయాయి. నా దగ్గర నాలుగుండేవి. ఒక్కటీ పేలేది కాదు, అన్నిటికీ కాగితాలుండేవి. ఎవరైనా వచ్చి "ఏమప్పా, కాలుస్తావా?" అని నవ్వితే నాకు ఒళ్లు మండేది. నేను చూసేది అందులోని పనితనం. గడియారంలో ఉన్నట్టే స్ప్రింగు, పన్ను, చక్రం.

నాలుగింటిలో మేలైనది పెనుకొండలో దొరికింది. పాత ఇల్లొకటి పడగొడుతున్నారని ధర్మవరంలో పాత సామాన్లు అమ్మే సాయిబు కబురు చేస్తే పరిగెత్తాను. అరచేతిలో ఇమిడే రివాల్వర్, కింద ఇత్తడి పట్టీ, గుండ్లు కూర్చే చక్రం మీద వెంట్రుకంత సన్నని గీతలతో చెక్కిన బొమ్మ. కంటికి భూతద్దం పెట్టుకుంటే తప్ప కనబడదు. పరిగెత్తే గుర్రపుబండి, దాన్ని ఆపుతున్న దొంగలు, ఎదురు కాలుస్తున్న ప్రయాణికుడు. బస్సులో ఎవరైనా చూసి భయపడతారని, చిత్రాన్నం తినేసిన టిఫిన్ క్యారియర్‌లో పెట్టుకుని సోమందేపల్లి మీదుగా ఇంటికి వచ్చాను. కడగడానికి గిన్నె తీసిన నా భార్య, "ఇదేం కూర తెచ్చినారు?" అంది. ఆ మాట తలచుకుని వారం రోజులు నవ్వుకున్నాం.

పాతవి పోగేసేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. వస్తువును తోమకూడదు. దాని మీది నల్లదనం, ఆ తుప్పు రంగు, అదే దాని వయసు. అది పోతే మిగిలేది ఉత్త ఇనుము. ఈ ముక్క నా భార్యకు ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే చెబుదాంలే అనుకున్నాను, అంతే.

ఏటా ఆయుధ పూజకు నా పనిముట్లన్నీ ఆమే కడిగేది. సన్న స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, భూతద్దం, ఒక్కొక్కటీ తుడిచి పసుపు, కుంకుమ పెట్టేది. అవి మరీ చిన్నవి కాబట్టి వేలితో కాకుండా అగ్గిపుల్ల కొనతో బొట్టు పెట్టేది. ఆ రివాల్వర్ దొరికిన సంవత్సరం పండగ పొద్దున నేను ధర్మవరం పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చాను. షాపులో తెల్లగుడ్డ పరిచి సామాన్లన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. నట్టనడుమ నా రివాల్వర్, కొత్త చెంబులా మెరుస్తూ.

"ఏం చేసినావు దీన్ని?" అన్నాను.

"ఎంత మురికి ఉండాదో దానికి. ఇత్తడికి చింతపండు ఏసి, ఇనుముకు ఇటుకపొడి ఏసి తోమినా. ఎట్ల మెరుస్తాందో చూడండి. అన్నీ కడిగి దాన్నొక్కదాన్నే ఎట్ల ఇడిసిపెట్టేది? అది బాధపడదా?"

భూతద్దం పెట్టుకుని చూశాను. బండి లేదు, గుర్రాలు లేవు, దొంగలు లేరు. గడియారానికి పట్టీ వేయించుకోవడానికి వచ్చిన ఇద్దరు అక్కడే ఉన్నారు. వాళ్ల ముందరే అన్నాను, "నీ చేతులకు కండ్లు లేవు. ఇంగ నా సామాన్లు ముట్టద్దు" అని.

ఆమె లోపలికి పోయి చేతులు కడుక్కుని నాకు అన్నం పెట్టింది. నేను రివాల్వర్‌ను గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టె అడుగున పడేశాను.

ఆ రోజు నుంచి ఆమె ప్రతిదీ అడిగేది. బల్ల మీది కళ్లజోడు, తాగేసిన కాఫీ గ్లాసు, కొక్కేనికి తగిలించిన చొక్కా. "ఇది ముట్టచ్చునా?" అనేది. అందులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడిగేది. పోనీలే, ఆ మాట మరిచిపో అని ఒక్కసారి అని ఉంటే సరిపోయేది. నోటిదాకా వచ్చేది. నేనెందుకు తగ్గాలన్న పొగరుతో మింగేసేవాణ్ని. మరుసటి ఆయుధ పూజకు సామాన్లు నేనే కడిగాను. నేను పెట్టిన బొట్లన్నీ అలుక్కుపోయాయి. ఆమె గడప దగ్గర కూర్చుని చూసింది, లోపలికి రాలేదు.

ఆ వచ్చిన ఎండాకాలంలో ఒక పొద్దున కొళాయి దగ్గర బిందె పట్టుకుని కూలబడిపోయింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. గుండె అన్నారు.

పోయిన వారం ధర్మవరం సాయిబు షాపుకు వచ్చాడు. నాలుగూ ఇచ్చేస్తానని నేనే పిలిపించాను, వాటి మీద మనసు విరిగిపోయింది. ట్రంకు పెట్టె తీసి, ఆ పండగ తర్వాత మొదటిసారి ఆ గుడ్డ విప్పాను. సాయిబు రివాల్వర్‌ను అటూ ఇటూ తిప్పి తల అడ్డంగా ఊపాడు.

"ఎవురప్పా దీన్నిట్ల తోమింది? బొమ్మంతా పాయ గదా. ఈడ వెనకపక్క ఎర్రగా ఏందో ఉండాది, తుప్పేమో చూడు."

చక్రం వెనక అయిదు చిన్న మొనలుంటాయి. గుండు పేలడానికి మందు టోపీలు తొడిగేది వాటికే. ఒక్కొక్కటి బియ్యపు గింజలో సగం కూడా ఉండదు. భూతద్దం పెట్టుకుని దీపం కిందికి తెచ్చాను. అది తుప్పు కాదు. అయిదు మొనల మీదా పసుపు, పసుపు నడుమ కుంకుమ బొట్టు. ఒక్కటీ చెదరలేదు, ఒక్కటీ అంచు దాటలేదు. ఆ రోజు కోపంలో నేను ముందువైపు మాత్రమే చూశాను.

నలభై ఏళ్లుగా వెంట్రుకంత ముళ్లు బిగించే చేతులు నావి. అంత సన్నని చోట అట్లాంటి బొట్టు నేను పెట్టలేను. ఆమె చేతులకు కళ్లు లేవన్నాను నేను, అదీ నలుగురిలో.

"ఇస్తావా, లేదా?" అన్నాడు సాయిబు.

మిగతా మూడూ తీసుకుపొమ్మన్నాను. అతను ఈ నాలుగోదాన్ని మళ్లీ గుడ్డలో చుట్టి నాకిద్దామని చెయ్యి చాపాడు.

"దాన్ని ముట్టద్దు" అన్నాను. అని, అక్కడే కూర్చుని ఏడ్చాను.