తొమ్మిది క్రిస్మస్ బొమ్మల రంగు ఊడదీసిన రోజు

1962 డిసెంబరు 16, ఆదివారం. జగ్గయ్యపేట, మా ఇంటి వరండా. ఉన్నవాళ్ళు: నేను, నా భార్య, నందిగామ నుంచి వచ్చిన అక్క, బావగారు, మా చర్చి పెద్ద. డైరీలో ఆ పేజీ పైన ఇలాగే రాసి ఉంది.

తగవు తొమ్మిది బొమ్మల గురించి. క్రిస్మస్‌కి చర్చిలో పశువుల పాక కట్టి అందులో పెట్టేవి. ఏడు తగరపువి, రెండు ప్లాస్టిక్ గొర్రెపిల్లలు. అన్నిటికీ రంగులు మా నాన్నే వేశాడు. ఆయన పోయాక బావగారు వాటిని "బాగుచేసి ఇస్తా"నని పట్టుకుపోయి, తలుపులకేసే నీలం ఎనామెల్ పూసి, మద్రాసులో కొన్నానని చెప్పి రెండు క్రిస్మస్‌లు నందిగామ చర్చిలో పెట్టాడు. రెండేళ్ళూ నేను నోరెత్తలేదు. డైరీలో మాత్రం రాసుకున్నాను. చివరికి చర్చి పెద్దకు చెబితే ఆయన బావగారికి కబురుపెట్టి బొమ్మలతో సహా రప్పించాడు.

"మీ నాన్నవేనని రుజువేదోయ్?" అన్నాడు బావగారు.

"ఒక్కోదాని అడుగున నాన్న సూదితో గీసిన శిలువ ఉంటుందండీ. రంగు తీస్తే కనపడుతుంది."

"బొమ్మ కరిగిందో, చెప్తా నీ సంగతి!"

"నేను సైన్సు మేష్టర్ని బావగారూ. చేతికందిందల్లా పూసేవాణ్ణి కాదు."

థిన్నరు పోస్తే ప్లాస్టిక్ కరుగుతుంది. పొడిగా గీకితే రంగు దుమ్ము ఊపిరితో లోపలికి పోతుంది. అందుకని తగరపు వాటిని బట్టలసోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళలో నానేశాను. గొర్రెపిల్లలకు, ప్లాస్టిక్‌ని కరిగించకుండా రంగు ఊడదీసే బ్రేక్ ఆయిలు లారీ మెకానిక్ దగ్గర తెచ్చాను. "నా వంటింటి గిన్నె ముట్టుకున్నారో!" అని నా భార్య పాత కుండలు రెండు ఇచ్చింది. చేతులకు గుడ్డ చుట్టుకుని, ముందు ఒక గొర్రెపిల్ల అడుగున ఒక్క చుక్క వేసి గంటసేపు ఆగాను. ప్లాస్టిక్ మెత్తబడలేదు. మెత్తటి బ్రష్షుతో రుద్దితే నీలం ఊడింది. కింద శిలువ.

"ఇంకేం, బొమ్మలు మీవే," అన్నాడు చర్చి పెద్ద. బావగారు లేచాడు.

"కూర్చోండి బావగారూ. ఇంకా ఎనిమిదున్నాయి."

పెద్దాయన ఎదుట లేచిపోలేక కూర్చున్నాడు. ఒక్కో బొమ్మనీ తీరిగ్గా, తల నుంచి కాళ్ళదాకా రుద్దాను. నీలం కింద నుంచి నాన్న వేసిన రంగులు ఒక్క క్షణం కనపడేవి. కాపరి గోధుమరంగు కంబళి, గొర్రెపిల్ల నల్లటి కళ్ళు. మళ్ళీ బ్రష్షు వేస్తే అవీ పోయేవి. చూశాను. ఆపలేదు.

"వదిలెయ్యవోయ్, తప్పయింది," అన్నాడు బావగారు మధ్యాహ్నం దాటాక.

"తప్పు ఇంకా పూర్తిగా ఊడలేదండీ."

పొద్దు వాలేదాకా కూర్చోబెట్టాను. ఆ రోజంత కమ్మగా నేను ఏ పనీ చెయ్యలేదు.

మర్నాడు పొద్దున్నే బావగారు అక్క కోసమైనా ఆగకుండా బస్టాండుకి వెళ్ళిపోయాడు. సబ్బుతో కడిగి ఆరబెట్టిన బొమ్మలు వరండాలో వరసగా, బోడిగా ఉన్నాయి. అక్క సంచీ కింద పెట్టి ఒక గొర్రెపిల్లను చేతిలోకి తీసుకుంది. మొహం మీద బొటనవేలితో తడిమింది.

"గుర్తు అడుగున ఉంది గదరా తమ్ముడూ. మొహాలెందుకు కడిగావు? నాన్న దిద్దిన కళ్ళురా అవి."

నీ మొగుడు రోజంతా కూర్చుని చూడాలని. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"బస్సుకి టైమయింది," అన్నాను.

అక్క గొర్రెపిల్లను ఎక్కడ తీసిందో అక్కడే పెట్టి, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.