ఇంకా అనే మాట

ఆ ఉదయం లర్సి చివరగా చేసిన పని షాపు షట్టరు మీద ఫిర్యాదు చేయడం. ఆఫీసుకు బయల్దేరి, తమ జెరాక్సు షాపు ముందు స్కూటరు స్టార్టు చేసి, హెల్మెట్టు తీయకుండానే అరిచింది.

"మస్! కుడివైపు గొళ్ళెం పడదు. తాళం వేసినా లాగితే వచ్చేస్తుంది. లాగి మరీ చూశాను."

"పడదా? ఇంకా పడటం లేదా?" లోపల కాగితాలు సర్దుతూ, ఆమె మస్ అని పిలిచే భర్త సప్తో ఎగతాళి చేశాడు.

"పడదు!" ఒక్కో అక్షరం ఒత్తి పలికి, నవ్వుకుంటూ వీధి మలుపు తిరిగిపోయింది.

భోజనాల వేళకు ఆఫీసులో ఆమె గుండె ఆగిపోయింది. ఆ కబురు వచ్చేసరికి సప్తో గొళ్ళేనికి కొత్త మర బిగించి, షట్టరు దించుతూ ఎత్తుతూ ఉన్నాడు. సాయంత్రం ఆమె రాగానే "ఇప్పుడు పడుతుంది చూడు" అని గొప్పగా చెబుదామనుకున్నాడు.

'పడదు' అన్న ఆ చిన్న మాట లర్సి నోటికి రావడానికి ఎంత కష్టపడిందో సప్తోకి తెలుసు. అసలు జోగ్జా ఊళ్ళో ఎవరి నోటా 'లేదు' అన్న మాట ఊరికే రాదు. అన్నం తిన్నారా అంటే ఇంకా. పెళ్ళయిందా అంటే, అరవై దాటిన బ్రహ్మచారి కూడా ఇంకా. వాళ్ళ భాషలో 'ఇంకా' అంటే బెలుమ్. ఆ ఒక్క మాటతో మనుషులు ఒకరి మొహాన ఒకరు తలుపు వేయకుండా బతికేస్తారు. ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయనే ఇల్లాళ్ళ మర్యాద అది.

లర్సికైతే అది మర్యాద కూడా కాదు, వృత్తి. ప్రభుత్వ ఆస్పత్రిలో పదిహేడేళ్ళు మంత్రసానిగా చేసింది. నొప్పులు పడే పిల్ల "ఇక నావల్ల కాదు, బిడ్డ రాడా?" అని ఏడిస్తే "ఇంకా రాలేదు తల్లీ" అనేది. కడుపు మీద గొట్టం పెట్టి ఎంత వెతికినా గుండె చప్పుడు దొరకని రోజున కూడా "ఇంకా వినబడటం లేదు, డాక్టరుగారిని రానీ" అనేది. ఆ మాట పట్టుకుని ఆ తల్లి ఇంకో గంట ధైర్యంగా ఉండేది.

నడుములో పూస జారాక రాత్రి డ్యూటీలు ఆమె వల్ల కాలేదు. రికార్డుల గదిలో కుర్చీ ఇస్తామన్నారు. అదే సమయంలో పేట సమావేశ మందిరంలో ఆడవాళ్ళకు కంప్యూటరు కోర్సు పెట్టారు. ప్రోగ్రాములు రాసేవాళ్ళ పనిలో తప్పులు పట్టే ఉద్యోగానికి తర్ఫీదు. నలభై నాలుగేళ్ళ వయసులో లర్సి అందులో పేరు రాయించుకుంది.

"పిల్లల్ని పట్టిన చేత్తో ఇప్పుడు ఎలుకను పడతావా, బు లర్సి?" అని పక్కింటి వర్ని, అమ్మగారు అనే అర్థంలో బు చేర్చి పిలుస్తూ, మౌసు తిప్పుతున్నట్టు చెయ్యాడించి నవ్వింది.

"ఎలుక నయం, బు. తన్నదు, మా అమ్మను పిలవమని గోల చెయ్యదు."

గర్భిణుల కోసం ఫోను యాప్ చేసే ఒక చిన్న కంపెనీ ఆమెను తీసుకుంది. మూడు నెలలు చూస్తాం, నచ్చితే ఉంచుతాం అన్నారు. ఆస్పత్రి ఉద్యోగానికి అప్పటికే రాజీనామా ఇచ్చేసింది. ఇక్కడ కుదరకపోతే వెనక్కి వెళ్ళే దారి లేదు.

ఆమె పైఅధికారి తియుర్ సుమత్రా దీవి నుంచి వచ్చిన బతక్ తెగ పిల్ల. లర్సి కంటే ఇరవై ఏళ్ళు చిన్నది. బతక్ వాళ్ళు ప్రేమగా మాట్లాడినా జోగ్జా వాళ్ళకు కొట్లాటలా వినబడుతుంది. అయినా అధికారి కాబట్టి లర్సి ఆ పిల్లను కాక్, అంటే అక్కా, అని పిలిచేది.

రెండో నెలలో లర్సి ఒక తప్పు పట్టుకుంది. కాన్పు తేదీ వచ్చే ఏడాదిలో పడితే, ఆ తల్లికి ఆస్పత్రికి రమ్మని గుర్తుచేసే సందేశం వెళ్ళడం లేదు. కుదురుగా రాసి పంపింది: "సందేశం ఇంకా రావడం లేదు." సుమత్రాలో ఉండి ప్రోగ్రాము రాసే కుర్రాళ్ళు అది చదివి, సరే, ఆ పని ఎవరో చేస్తున్నారు కాబోలు, ఇంకా అయినట్టు లేదు అనుకుని పక్కన పెట్టేశారు. యాప్ చూడటానికి ఆస్పత్రుల వాళ్ళు వచ్చిన రోజున అందరి ముందూ సందేశం రాలేదు.

వాళ్ళు వెళ్ళాక తియుర్ ఆ రాతను తెర మీద పెట్టింది.

"బు, పని చేస్తుందా, చెయ్యదా?"

"ఇంకా..."

"కరెంటు పోతే ఇంకా రాలేదనండి, ఒప్పుకుంటాను. ఇది పోలేదు, అసలు లేనే లేదు. ఇంకోసారి 'ఇంకా' అని రాశారంటే, మూడో నెలాఖరున నేను 'ఇంకా' అనను. 'వద్దు' అంటాను."

ఆ సాయంత్రం లర్సి షాపులో కూర్చుని టీ చల్లారిపోయేదాకా ముట్టుకోలేదు. "లేదు అని రాయబోతే వేళ్ళు ఆగిపోతున్నాయి, మస్. ఎవరినో తిట్టినట్టుంటుంది."

"అయితే తిట్టడం నేర్చుకో. నేను అడుగుతాను, నువ్వు చెప్పు. కారు నడపడం వచ్చా?"

"ఇంకా..."

"లర్సీ!"

"రాదు."

"దురియాను పండు ఇష్టమేనా?"

"మరీ అంత..."

"ఇష్టం లేదు!" సప్తో బల్ల మీద చరిచాడు.

"ఇష్టం లేదు!" లర్సి కూడా చరిచింది.

"మా చెల్లెలి వంట బాగుంటుందా?"

"బాగుండదు!" ఈ జవాబుకు మాత్రం కాస్త కూడా ఆలోచించలేదు.

థీసిస్ బైండింగుకు వచ్చిన కాలేజీ అమ్మాయి గుమ్మంలోనే ఆగి, అయ్యగారూ అన్నట్టు సప్తోను పాక్ అని పిలిచింది. "పాక్, మీరు పోట్లాడుకోవడం అయ్యాక రమ్మంటారా?"

"పోట్లాట కాదమ్మా, మా ఆవిడ హోంవర్కు," అన్నాడు సప్తో.

అలా చాలా సాయంత్రాలు గడిచాయి. ఇల్లూ, వీధీ, చుట్టాలూ, సినిమాలూ అన్నీ అయిపోయాయి. ఒక్క ప్రశ్న మాత్రం సప్తో నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయేది. పిల్లలున్నారా? పెళ్ళిళ్ళలో, బస్సులో ఎవరడిగినా లర్సి నవ్వి "ఇంకా" అనేది. నలభై దాటాక కూడా అదే మాట. ఆమె ఆశ ఆమెకు ఉండనీ అని, తనను ఒంటరిగా ఎవరైనా అడిగినప్పుడు సప్తో కూడా అదే చెప్పేవాడు. ఇన్నేళ్ళు దాచుకున్న మాటను ఒక ఉద్యోగం కోసం ఆమె చేత అనిపించడం అతనికి చేతకాలేదు. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి "పాలు కొన్నావా?" అని అడిగేవాడు.

మూడో నెలలో లర్సి ఇలా రాసింది: "అబ్బాయి పుట్టాడని నమోదు చేస్తే యాప్ ఒప్పుకుంటుంది. కవలలంటే ఒప్పుకోదు. రెండో బిడ్డకు చోటు లేదు." తియుర్ ఆఫీసంతా వినబడేలా చదివి, "అబ్బ! ఇప్పుడు మాట్లాడారు, బు!" అంది. లర్సి ఉద్యోగం నిలబడింది.

ఆ తర్వాత ఆరేళ్ళు చేసింది. ఆదివారాలు షాపు బెంచీ మీద ఇంకొందరు ఆడవాళ్ళు చేరేవారు. పాత ఆస్పత్రి నుంచి ఒక నర్సు, బ్యాంకులో కౌంటరు మూసేశాక ఉద్యోగం పోయిన ఒకావిడ, చివరికి పక్కింటి వర్ని కోడలు. లర్సి వాళ్ళకు నేర్పే మొదటి పాఠం కంప్యూటరు కాదు. "కారు నడపడం వచ్చా?" అని అడిగేది. "ఇంకా" అన్నవాళ్ళు టీ తేవాలి. మొదటి నెలంతా టీ వరదలు కట్టేది. నర్సుకూ, వర్ని కోడలికీ ఉద్యోగాలు వచ్చాయి. లర్సి పోయాక కూడా ఆదివారం బెంచీ ఖాళీగా లేదు. ఇప్పుడు ఆ నర్సు అడుగుతోంది, కొత్తవాళ్ళు టీ తెస్తున్నారు.

లర్సి పోయిన నలభయ్యో రోజు ప్రార్థనకు ఇంట్లో చాపలు పరిచారు. ప్రార్థన అయి, అందరూ ఆపెం రొట్టెలు తింటుండగా తియుర్ వచ్చి సప్తో పక్కన కూర్చుంది. చర్చికి వెళ్ళే పిల్ల అయినా తలకు ముసుగు కప్పుకుని వచ్చింది. ఎప్పటిలా గట్టిగానే మాట్లాడబోయి గొంతు తగ్గించింది.

"పాక్, మీరు ఇంట్లో బు లర్సికి పాఠం చెప్పేవారట కదా. మేం ఆఫీసులో కూడా చెప్పేవాళ్ళం. నేను తిట్టిన మర్నాడే మొదలుపెట్టాం. గుర్రం ఎక్కారా, సిగరెట్టు తాగారా అని. ఏదడిగినా 'ఇంకా' అనేది. మేం పడి పడి నవ్వేవాళ్ళం."

"ఇక్కడా అంతే," అన్నాడు సప్తో.

"ఒక్కదానికి మాత్రం తడుముకోకుండా చెప్పింది. ఆవిడ మాకు చెప్పిన మొదటి 'లేదు' అదే. నాకు తెలీదు కదా, పిల్లలున్నారా అని అడిగాను."

సప్తో చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది.

"'లేరు. మేమిద్దరమే, అది చాలు' అంది నవ్వుతూ. మరి నిన్న గేటు దగ్గర వాచ్‌మన్ అడిగితే 'ఇంకా' అన్నారేమిటి, బు, అన్నాను. 'మా ఆయన పక్కనే ఉన్నాడు కదా, కాక్. ఆయనకింకా ఆశ ఉంది' అంది."