లోపల మడత ఎంతుంది?

దర్జీ అక్క ఏ పిల్లకు గౌను కుట్టినా అంచు లోపల నాలుగు వేళ్ల గుడ్డ మడిచిపెట్టేది. పిల్ల ఎదిగితే కుట్టు విప్పుకుంటే సరి. సొంత కూతురు మాత్రం ఆ మడతలన్నీ మింగేసి, పదమూడేళ్లకే తల్లి చెవుల దాకా వచ్చింది. బడికి సైకిల్ మీద ఒక్కదాన్నే వెళ్తానని ఏడాదిగా ప్రాణం తీస్తోంది. ఉన్న డబ్బుకు వచ్చేది ఒక్క సైకిలే. కాలేజీ దాకా దాన్నే తొక్కించాలని అక్క పట్టుదల.

అందుకే సైకిళ్ల కొట్లోకి వెళ్లగానే అన్నిటికన్నా ఎత్తు సైకిల్ ఎక్కించింది. కూతురి కాళ్లు గాల్లో ఈదాయి. సైకిల్ ఒరిగిపోతుంటే కొట్టాయన పట్టుకున్నాడు.

"ఎదుగుతుంది లెండి," అంది అక్క.

"అప్పటిదాకా రోజూ నేనే వచ్చి పట్టుకోవాలా అమ్మా?"

కూతురు పక్కనున్న పొట్టి సైకిల్ ఎక్కింది. పాదాలు నేలకు ఆనాయి. అక్క దాని చుట్టూ అనుమానంగా తిరిగింది.

"దీనికి లోపల మడత ఎంతుంది?"

కొట్టాయన తెల్లమొహం వేశాడు. అర్థమయ్యాక నవ్వి, కూతుర్ని దింపి, బోల్టు వదులు చేసి సీటు పైకి లాగాడు. లోపల దాగిన గొట్టం జానెడు బయటికొచ్చింది. హ్యాండిల్ కూడా అలాగే లేచింది.

"కుట్టు బాగుంది. ఇచ్చెయ్యండి," అంది అక్క.

"ముందు నా ఎత్తుకి దించండి బాబాయ్," అంది కూతురు. దించీ దించగానే ఎక్కి వెళ్లిపోయింది.

అక్క కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరేసరికి కూతురు గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఇంతసేపా అమ్మా?"