మేడ మీది సెక్షన్

మా ప్రొద్దుటూరులో బంగారం కొనేవాడు నాలుగు అంగళ్లు తిరుగుతాడు. గీటురాయి మీద గీయించి, తూకం దగ్గర తల దూర్చి చూసి, మళ్లీ ఇంకో అంగట్లో గీయించుకుంటాడు. అదే మనిషి బిడ్డను బడిలో వేసేటప్పుడు ఫ్లెక్సీ చూసి వేసేస్తాడు. టై కట్టుకున్న పిల్లల ముఖాలు వరసగా కనిపిస్తే చాలు, ఇక ఏమీ అడగడు. ఆ ముఖాల్లో ఒకదాన్ని నేను పులివెందుల బస్టాండులో, వేరే బడి ఫ్లెక్సీ మీద చూశాను. అదే పిల్ల, అవే రెండు జడలు, అదే ర్యాంకు. ఒకే పిల్ల ఒకే ఏడాది రెండు ఊళ్లలో చదివిందన్నమాట. బస్సు చార్జీలకే ఆ తల్లిదండ్రులు అప్పుల పాలై ఉంటారు.

బళ్ల గురించి నేను నోరు తెరిస్తే మా వీధిలో వింటారు. నేను బళ్లు తనిఖీ చేసినవాణ్ని మరి. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు దాకా నా జీపు దుమ్ము కనపడగానే హెడ్మాస్టర్లు చొక్కా గుండీలు సరిచేసుకునేవాళ్లు. పెద్దముడియం దిక్కున ఒక బడిని ఒక్క మాటతో మూయించాను. ఈ సంగతులు సాయంత్రం అరుగు మీద చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ జీపు కొంచెం పెద్దదవుతూ వచ్చింది.

అందుకే మా కింది వాటాలో అద్దెకున్న అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. భర్త బట్టల అంగట్లో గుమాస్తా. ఒక్కతే కూతురు, ఆరో తరగతికి రావాల్సిన పిల్ల. అంతకు ముందు ఏడాది జ్వరం పట్టుకుని నెలల తరబడి వదల్లేదు. లేచి తిరిగేసరికి పాపకు అక్షరాలు జారిపోయాయి. వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుని చదువుతుంది. చదివే బడివాళ్లు తల్లిని పిలిపించి, కూల్ డ్రింకు ఇచ్చి మరీ, పాపను ఇంకెక్కడైనా చేర్చుకుంటే మంచిదని సలహా చెప్పారు. పొమ్మన్నారు, అంతే. అప్పటినుంచి స్కూలు బస్సు వీధిలోకి వచ్చే వేళకు ఆ పిల్ల ఇంట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకునేది.

"ఇంకోసారి ఎవురన్నా పొమ్మంటే ఇది మళ్లా బడి గడప తొక్కదు మామా," అంది తల్లి. "నువ్వొచ్చి చూడు. ఏది బాగుంటే ఆడ చేరుస్తాం."

ఎండలు ముదిరాయంటే మా ఊళ్లో మామిడికాయల బండ్లతో పాటు ప్రైవేటు బళ్ల టీచర్లు కూడా వీధుల్లోకి వస్తారు. దీనికి క్యాన్వాసింగ్ అని పేరు. పాఠం చెప్పడానికని ఉద్యోగంలో పెట్టుకున్న మనుషుల చేతికి కరపత్రాలిచ్చి ఇల్లిల్లూ తిప్పుతారు. పిల్లలను పట్టుకొస్తేనే వేసవి సెలవులకు జీతం. ఇంత చదువుకున్నవాళ్లు ఇంత నిర్లజ్జగా పిల్లల్ని ఏరుకోవడం నేను ఏ సంతలోనూ చూడలేదు. అట్లా నీలం గొడుగు వేసుకుని ఒక టీచరమ్మ కింది వాటాకు పదేపదే వచ్చింది. చల్లటి నీళ్లు తాగింది. పాప తల నిమిరింది. పాప ఆమెకు పాత తెలుగు వాచకం తెచ్చి ఒక వాక్యం చదివి వినిపించింది కూడా. ఏడాదిలో బయటి మనిషి ముందు అది నోరు విప్పడం అదే మొదలు.

"నా క్లాసులోనే ఏపిచ్చుకుంటానక్కా," అందట ఆ టీచరమ్మ. "నా బిడ్డ మాదిరి చూసుకుంటా."

ఆ మాట మీదే తల్లి మనసు సగం అక్కడ పడిపోయింది. మిగిలిన సగం కోసం నన్ను తీసుకుని పోయింది, పాపను కూడా.

ఆ బడి ఒకప్పుడు కల్యాణ మండపం. వంటశాల ఇప్పుడు ల్యాబు. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గది ప్రిన్సిపాల్ గది అయింది, అద్దం మాత్రం తీయలేదు. ఆయన మాతో మాట్లాడుతూ మధ్య మధ్య అందులో చూసుకుంటున్నాడు. మాది ముద్దనూరు పక్కనే అని మాటల్లో నోరు జారి, మరుక్షణం గుంటూరు వైపు యాస ఎత్తుకున్నాడు. మా స్టాఫంతా కోస్తా నుంచే అండీ, అన్నాడు. మా సీమలో బడి అమ్ముడుపోవాలంటే ఆ ఒక్క మాట చాలు. మనం మాట్లాడే మాటను మన పిల్లలు మర్చిపోతారని హామీ ఇస్తే సంతోషంగా ఫీజు కట్టే జాతి మనది.

ఒంటిపూట బళ్లు పెట్టమని ప్రభుత్వం చెప్పినా వీళ్లు సాయంత్రం దాకా నడుపుతున్నారు, అదీ గొప్పగానే చెప్పుకున్నాడు. పాప మీద ప్రత్యేక శ్రద్ధ పెడతామన్నాడు. తల్లి కుర్చీ అంచు మీద కూర్చుని తల ఊపుతోంది. నేను అడగాల్సిన ప్రశ్నలు గంభీరంగా అడిగాను. ఆ గాంభీర్యం ఎక్కువసేపు నిలవలేదు. నా వయసు మగవాళ్లకు ఎందుకో తెలుసు. కింద మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. ఆయా పైకి చెయ్యి చూపించింది.

మెట్లెక్కి పోతే డాబా మీద రేకుల షెడ్డు. ఫ్యాను లేదు, కిటికీ లేదు. లోపల పిల్లలు చొక్కాలు వీపులకు అతుక్కుపోయి కూర్చున్నారు. బోర్డు మీద ఒక లెక్క సగంలో ఆగి ఉంది. టీచరు లేదు. ఇదేం క్లాసని అడిగాను.

"సీ సెక్షన్ తాతా," అంది ముందు బెంచీలో పిల్ల. "మార్కులు రానోళ్లం ఈడుంటాం."

"మీ టీచరు యాడ?"

"క్యాన్వాసింగుకు పోయింది. నీలం గొడుగు ఏసుకోని పోయింది. కొత్తోళ్లు వచ్చినప్పుడు మేం కిందికి దిగగూడదు."

నేను వచ్చిన పని మర్చిపోయి కిందికి దిగాను.

తర్వాత జరిగింది మా అరుగు మీద ఒక రకంగా చెప్పాను. బల్ల మీద గుద్దాననీ, అద్దం పగిలిందనీ, ప్రిన్సిపాల్ నా కాళ్ల మీద పడ్డాడనీ. అద్దం ఇప్పటికీ అక్కడే భద్రంగా ఉంది. ఆ మెట్లకు నాకు ఆయాసం వచ్చి, తలుపు పట్టుకుని నిలబడి, పైన పిల్లలుండారు, టీచరమ్మ లేదు, ఆమె మీ ఇంటికొచ్చిన ఆమే అని మాత్రం చెప్పగలిగాను. ఆయన కొంచెం కూడా తొణక్కుండా, అది స్పెషల్ కేర్ బ్లాక్ అండీ, అన్నాడు.

అప్పుడు తల్లి మొదటిసారి నోరు తెరిచింది. "మా పాపను యాడ కూర్చోబెడతారు?"

చిన్న టెస్టు పెట్టి నిర్ణయిస్తామని ఆయన అద్దంలో చూసుకున్నాడు. ఆమె లేచి పాప చెయ్యి పట్టుకుంది.

షేరాటోలో దారంతా ఆ బడిని తిట్టాను. బాగా తిట్టాను, డ్రైవరు కూడా మెచ్చుకున్నాడు. ఇల్లు దగ్గరికొచ్చాక ఆమె అడిగింది. అయితే యాడ చేర్చాల? అన్ని బళ్లూ చూసినోడివి కదా, నువ్వే చెప్పు.

పాప నా ముఖంలోకే చూస్తోంది. ఆ చూపుకు అబద్ధం ఆడలేక చెప్పేశాను. నేను తనిఖీ అధికారిని కాదు, జమ్మలమడుగు హైస్కూల్లో డ్రిల్లు మాస్టర్ని. జీపు ఇన్‌స్పెక్టరుది. నేను వెనక సీట్లో ఆయన టిఫిన్ క్యారియరు ఒళ్లో పెట్టుకుని పోయినవాణ్ని. పెద్దముడియం దిక్కు బడి వానకు పైకప్పు కూలి మూతపడింది. ఆ రోజు నేను దాని ముందు నుంచి పోతూ, ఇది ఉండదులే అన్నాను, అదే ఆ ఒక్క మాట.

ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "తెలుసులే మామా. మా ఇంటాయన నీ దగ్గర డ్రిల్లు చేసినోడే. నీ ఈల కూడా సరిగా పలికేది కాదని చెప్పినాడు."

"మరి నన్నెందుకు పిలుచుకోని పోయినావు?"

"ఆ కుర్చీల ముందర నాకు నోరు లేయదు. నువ్వు ఎవురినైనా తిడతావు. తిట్టే మనిషి ఒకడు పక్కనుంటే ధైర్యమని."

ఇన్నేళ్ల నా సర్వీసులో నా అర్హతను ఇంత కచ్చితంగా ఎవరూ చెప్పలేదు.

మర్నాడు ఊళ్లోని పాత ఎయిడెడ్ బడికి పోయాం. కమిటీ పేరున నడుస్తుంది, జీతాలు ప్రభుత్వానివి, బాధ్యత ఎవరిదీ కాదు. బోర్డు మీద అక్షరాలు సగం రాలిపోయాయి. గ్రౌండు నిండా వయ్యారిభామ మొక్కలు, వాటి మధ్య కుక్కలు. డ్రిల్లు మాస్టరు పోస్టు ఎప్పటినుంచో ఖాళీ. మధ్యాహ్న భోజనం పప్పులో పప్పును వెతుక్కోవాలి. ఇవన్నీ హెడ్మిస్ట్రెస్ ముఖం మీదే చెప్పాను. ఆమె అప్పుడే టిఫిన్ డబ్బా మూత తీయబోతోంది. అవును, ఇంకా బావి మోటారు కూడా పాడైంది, అది మీరు చూడలేదు, అని నాకు కుర్చీ చూపించింది.

పాపకు టెస్టు అనలేదు ఆమె. బల్ల మీదున్న వాచకం ఇచ్చి, నీకు ఇష్టమొచ్చిన కాడ చదువు, అంది. పాప వేలు పెట్టింది. ఒక్క వాక్యం. ఎంతసేపు పట్టిందో, బయట పిల్లలు తిని పళ్లేలు కడుక్కోవడం కూడా అయిపోయింది. ఆమె మధ్యలో మాట అందించలేదు, గడియారం వైపు చూడలేదు, డబ్బా తెరవలేదు. వాక్యం అయ్యాక అడిగింది.

"యాడ కూర్చుంటావు మా? ముందరా, కిటికీ పక్కనా?"

"కిటికీ పక్కన," అంది పాప.

బళ్లు తెరిచేలోపు నీలం గొడుగు టీచరమ్మ మళ్లీ వచ్చింది. ఆమె కోసం నేను ఎండాకాలమంతా తిట్లు నూరి పెట్టుకున్నాను. ఆమె అరిగిపోయిన చెప్పులు విడిచి అరుగు మీద కూర్చుని, పైన చూసినారంట కదా, అంది. పాప నీళ్లు తెచ్చిచ్చింది. నా తిట్లు నా దగ్గరే ఉండిపోయాయి, ఇప్పటికీ తాజాగానే ఉన్నాయి.

పాప ఇంకా వేలు పెట్టే చదువుతోంది. బస్సు వచ్చే వేళకు తలుపు మాత్రం వేయడం లేదు. బడికి ఆ బస్సుకంటే ముందే వీధి దాటుతుంది. ఈ ఏడు మళ్లీ ఎండలు మొదలయ్యాయి. పిల్లల తల్లిదండ్రులు అరుగు దగ్గరికొచ్చి ఆ ఎయిడెడ్ బడి ఎట్లుందని అడుగుతున్నారు. తనిఖీ చేసినవాణ్ని కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతున్నాను. గోడ పడిపోయింది, మోటారు పనిచేయదు, డ్రిల్లు పీరియడులో పిల్లలు కుక్కల్ని తరుముతుంటారు. బడి దరిద్రంగా ఉంది. మా కింది వాటా పాపను మాత్రం పొమ్మనలేదు.